కథలోనికి ప్రవేశించిన బాలకర్తలు: అమెరికా బాలసాహిత్యమున ఒక చర్చ

ప్రశ్న స్వరూపము

కథలు వ్రాయు అలవాటుగల బాలుడో బాలికయో ఒకనాడు తాను చదివిన కథాలోకములోనికి, లేదా తానే వ్రాసిన కథాలోకములోనికి కాలుమోపి, అచ్చట తన ఊహలే రూపుదాల్చి ఎదురురాగా, వానితో మాటలాడి, పోరాడి, తుదకు కొంత మార్పునొంది మఱలివచ్చుట అను ఇతివృత్తము అమెరికా బాలసాహిత్యమున నేడు ఒక ప్రత్యేకశాఖగా విస్తరిల్లియున్నది. ఈ కథలు పిల్లలను లోకమునకు దూరము చేయునని కొందఱును, లోకమును ఎదుర్కొనుటకు వారిని సిద్ధపఱచునని మఱికొందఱును నూఱేండ్లకు పైగా వాదించుచున్నారు. ఆ వాదములు ఒకదానిపై నొకటి పేరుకొని, నేడు ఎవరు ఎవరికి సమాధానము చెప్పుచున్నారో తెలియనంతగా చిక్కుపడినవి.

ఈ చిక్కునకు మూలకారణము ఒక్కటే. గ్రంథపాలకుడు ఈ పుస్తకమును పిల్లల చేతికీయవచ్చునా అని అడుగుచున్నాడు. ఉపాధ్యాయురాలు దీనివలన పిల్లలకు వ్రాత అలవడునా అని అడుగుచున్నది. మనస్తత్వశాస్త్రజ్ఞుడు కల్పన బుద్ధివికాసమునకు హేతువగునా అని పరీక్షించుచున్నాడు. విమర్శకుడు ఆ లోకము ఎవరిదని విచారించుచున్నాడు. ప్రశ్నలు నాలుగు, వాదించువారు మాత్రము అందఱును ఒకే ప్రశ్నను విచారించుచున్నామని తలచుచున్నారు.

విచారణ సౌలభ్యము కొఱకు కథాలోకమున బాలునకు గల స్థానమును మూడు విధములుగా విభజింపవచ్చును. ఎన్నడు నెఱుగని దేశమును చూచుటకు వచ్చినవాడు బాటసారి. తన మాటచే, తన గీతచే ఆ దేశమును నిర్మించినవాడు కర్త. తాను నిర్మించినదానికి, అందు తనవలన సుఖదుఃఖములు పొందినవారికి, జవాబు చెప్పవలసినవాడు బాధ్యుడు. ఈ మూడు స్థానములను వేఱుపఱచి చూచినచో చర్చలోని చిక్కు చాలవఱకు విడిపోవునని ఈ వ్యాసకర్త నమ్మకము.

పూర్వరంగము: జో మార్చ్, ఓజ్ రాజ్యము

అమెరికా బాలసాహిత్యమున రచయిత్రి కాగోరిన బాలికకు తొలి ప్రసిద్ధరూపము లూయీసా మే ఆల్కాట్ సృష్టించిన జో మార్చ్. 1868, 1869 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన 'లిటిల్ విమెన్' నవలలో అక్కచెల్లెండ్రు ఇంటిలో నాటకములాడుదురు, పత్రిక నడపుదురు, 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' కథను తమ నిత్యజీవితముపై ఆరోపించుకొని ఆటగా నడచుదురు. కాని జో కథాలోకమునకు పోదు. ఆమె ఎదుగుదల అంతయు ఉద్రేకకథలను విడిచి తన ఇంటి సత్యమును వ్రాయుటవైపే సాగును.

1900 లో లైమన్ ఫ్రాంక్ బామ్ రచించిన 'ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్' షికాగోలో వెలువడుటతో ఆ దేశపు పిల్లలకు స్వదేశీయమైన అద్భుతలోకము లభించెను. కాన్సాస్ మైదానమునుండి సుడిగాలి కొనిపోయిన డొరోతీ కథలు వ్రాయు బాలిక కాదు, ఆమె బాటసారియే. అయినను ఆ కథామాల పెరిగిన తీరున ఒక విశేషము కలదు. ఏ పాత్ర మఱల రావలెనో, ఎవరికి ఏమి జరుగవలెనో సూచించుచు పిల్లలు బామ్‌నకు ఉత్తరములు వ్రాయసాగిరి. 1910 నాటి 'ది ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్' పీఠికలో ఆయన, ఆ గ్రంథకర్తృత్వము తనకును తనకు ఉత్తరములు వ్రాసిన పిల్లలకును ఉమ్మడియని చెప్పదగునని అంగీకరించెను. ఆ సంపుటముతో కథ ముగింపదలచి ఓజ్ రాజ్యమును బయటివారి కంటికి కానరాకుండ చేసినను, పిల్లలు ఊరకుండలేదు. 1913 లో కథ తిరిగి మొదలుపెట్టుచు, వైర్‌లెస్ ద్వారా ఆ రాజ్యముతో మాటలాడవచ్చును గదా అని బాలపాఠకులలో ఒకరు సూచించిరని ఆయన చెప్పెను. బాలపాఠకుడు కర్తృత్వమున పాలుపంచుకొనుట ఈ విధముగా కథకు వెలుపలనే ఆరంభమయ్యెను.

ఓజ్ వలననే ఈ చర్చకు రెండు కొసలు ఏర్పడెను. 1910 నాటి గ్రంథమున, తాకట్టుపడిన పొలమును విడిపించుకొనలేని ఎమ్ అత్తను, హెన్రీ మామను వెంటబెట్టుకొని డొరోతీ ఓజ్‌లోనే స్థిరపడును. అనగా కథాలోకము సత్యము, అచ్చటినుండి మఱలిరావలసిన అగత్యము లేదు. 1939 లో వచ్చిన చలనచిత్రము అదే కథను డొరోతీ కన్న కలగా మార్చి, ఇంటికి వచ్చుటయే పరమార్థమని ముగించెను. కథాలోకము నివాసయోగ్యమా, లేక మేలుకొనదగిన స్వప్నమా అను ప్రశ్న నాటినుండి ఈ శాఖను విడువలేదు.

గ్రంథపాలకుల తీర్పు చాలకాలము కఠినముగనే యుండెను. 1957 లో డెట్రాయిట్ నగర గ్రంథాలయముల అధిపతి ఓజ్ కథలకు విలువ లేదని ప్రకటింపగా దేశమంతట వాదోపవాదములు చెలరేగెను. అదే సంవత్సరమున మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము మార్టిన్ గార్డ్‌నర్, రసెల్ నై అనువారి పరిశీలనతో ఓజ్ గ్రంథమును వెలువరించెను. ఓజ్ అభిమానుల అంతర్జాతీయ సంఘమును పదమూడేండ్ల బాలుడు స్థాపించినదియు ఆ యేటనే.

బార్బరా ఫాలెట్: సాక్షాత్తు ఒక బాలరచయిత్రి

నవలలలోని బాలరచయితలను గూర్చి వాదించువారు ఒక నిజమైన బాలరచయిత్రి చరిత్రను తప్పక తలచుకొనవలెను. 1914 లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున జన్మించిన బార్బరా న్యూహాల్ ఫాలెట్ ఎనిమిదేండ్ల ప్రాయమున ఒక నవలను వ్రాయ నారంభించెను. 1923 లో ఇల్లు తగులబడినప్పుడు ఆ వ్రాతప్రతి బూడిదయ్యెను. ఆమె దానిని మఱల వ్రాసెను. 'ది హౌస్ వితౌట్ విండోస్' అను పేర 1927 లో నాఫ్ సంస్థ దానిని ప్రచురించునప్పటికి ఆమెకు పండ్రెండేండ్లు. అందలి నాయిక ఈపర్‌సిప్ ఇల్లు విడిచి, పచ్చికబయళ్లలో, సముద్రతీరమున, పర్వతములపై సంచరించి, తుదకు మానుషరూపమును వీడి వనదేవతగా లీనమగును. ఇదిగాక ఫార్క్‌సోలియా అను దేశమును, దానికి ఫార్క్‌సూ అను భాషను, పదకోశమును గూడ ఆ బాలిక కల్పించుకొనెను.

న్యూయార్క్ ప్రజాగ్రంథాలయమున బాలవిభాగమును 1906 నుండి 1941 వఱకు నడపి, దేశమంతటి బాలసాహిత్యాభిరుచిని శాసించిన ఆన్ కారల్ మూర్, ఆ గ్రంథమును సమీక్షించుచు, పసితనముననే గ్రంథము ప్రచురించి విజయమందుట తరువాతి రచనాజీవితమునకు పెద్ద ఆటంకమని హెచ్చరించెను. ఆర్థికమాంద్యకాలమున ఫాలెట్ టైపిస్టుగా పనిచేసి పొట్టపోసికొనెను. 1939 డిసెంబరులో, ఇరువదియైదేండ్ల వయస్సున, ఇల్లు విడిచి వెడలి మఱల కానరాలేదు.

ఈ విషాదమును మూర్ హెచ్చరికకు నిదర్శనముగా చూపువారు కలరు. అది న్యాయము కాదు. ఆమె పదునాలుగేండ్ల ప్రాయముననే తండ్రి కుటుంబమును విడిచిపోవుట, దేశమంతటను పనులు దొరకని కాలము దాపురించుట, వివాహమున కలతలు పుట్టుట అను కారణములు పుస్తకముకంటె చాల బలమైనవి. ఆమె చరిత్రవలన నిశ్చయముగా తేలునది ఇంతయే: బాలుర కల్పనాలోకము పెద్దల దయచే కలిగిన ఆటవస్తువు కాదు; కాలిపోయిన నవలను తిరిగి వ్రాయగలిగినంత పట్టుదల, శ్రమ, నియమము ఆ వయస్సుననే సాధ్యము. రచయితలైన పిల్లలను కేవలము ముద్దుపాత్రలుగా చిత్రించు నేటి నవలలన్నిటికి ఇది ఒక గీటురాయి.

మధ్యశతాబ్ది: గ్రంథము, రంగుకణిక, వంతెన

ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున బాటసారి క్రమముగా కర్తయగుట కానవచ్చును. 1955 లో క్రాకెట్ జాన్‌సన్ రచించిన 'హెరాల్డ్ అండ్ ది పర్పుల్ క్రేయాన్' లో చిన్నవాడు ఊదారంగు క్రేయాన్‌తో తాను నడచు దారిని, చంద్రుని, సముద్రమును, తుదకు తన కిటికీని, మంచమును గూడ గీచికొనును. తాను గీచిన డ్రాగన్‌ను చూచి తానే భయపడి వెనుకకు జరుగుచుండగా, వెనుక చేతనున్న క్రేయాన్ వణకి సముద్రమేర్పడుట ఆ పుస్తకమున పరమరమణీయమైన ఘట్టము. కర్త తన సృష్టికి తానే లోబడునను మహావిషయమును అక్షరములు రాని పసివానికి గూడ తెలియజెప్పిన గ్రంథమిది.

1962 లో ఎడ్వర్డ్ ఈగర్ రచించిన 'సెవెన్-డే మ్యాజిక్' లో పిల్లలు గ్రంథాలయమునుండి ఏడు దినముల గడువుతో తెచ్చుకొనిన పాతపుస్తకమును తెఱచి చూడగా, అందు తమ కథయే, తాము ఆ క్షణమున పలికిన మాటలతో సహా, వ్రాయబడియుండును. మిగిలిన పుటలు తెఱచుకొనవు. వారు కోరుకొనినకొలది, జీవించినకొలది ఆ పుటలు నిండుచుండును. ఆంగ్లరచయిత్రి ఈడిత్ నెస్బిట్‌నకు తాను ఋణపడితినని పలుమారులు చాటుకొన్న ఈగర్, ఆమె మాయను అమెరికా ప్రజాగ్రంథాలయపు బల్లపైకి తెచ్చెను.

ఇదే కాలమున 1964 లో లూయీస్ ఫిట్జ్‌హ్యూ రచించిన 'హారియట్ ది స్పై' అద్భుతకథ కాకపోయినను ఈ చర్చలో దానికి గొప్పస్థానము కలదు. ఇరుగుపొరుగువారిని, తోడి విద్యార్థులను గూర్చి నిర్దాక్షిణ్యమైన సత్యములను నోటుపుస్తకమున వ్రాసికొన్న హారియట్, ఆ పుస్తకము పరులచేత పడగా స్నేహితులందఱిని పోగొట్టుకొనును. వ్రాతకు జవాబుదారీ యున్నదను సంగతి అద్భుతములేవియు లేకుండగనే ఇచ్చట స్థాపింపబడినది. తరువాతి అద్భుతనవలలలోని ఉత్తమములన్నియు హారియట్ నేర్చిన పాఠమునే వేఱొక లోకమున నేర్చుకొనుచున్నవి.

1977 లో వెలువడి మఱుసటి యేట న్యూబెరీ పతకమందిన క్యాథరీన్ పాటర్సన్ నవల 'బ్రిడ్జ్ టు టెరబీథియా' ఈ శాఖను మఱింత లోతునకు కొనిపోయెను. బొమ్మలు గీయు జెస్, కథలల్లు లెస్లీ, వాగునకావల తమకొక రాజ్యము కల్పించుకొందురు. అందు మాయలేవియు నిజముగా జరుగవు. లెస్లీ ఆ వాగులో పడి మరణించిన పిమ్మట, జెస్ వంతెన నిర్మించి తన చిన్నచెల్లెలిని ఆ రాజ్యమునకు కొనిపోవును. కల్పన పలాయనమనువారికిని, ఔషధమనువారికిని ఈ నవలయే ప్రమాణగ్రంథమగుట గమనింపదగినది. 1990 నుండి 1999 వఱకు అమెరికా గ్రంథాలయసంఘము సేకరించిన ఆక్షేపితగ్రంథముల పట్టికలో ఇది అగ్రస్థానములకు చేరువగా నిలిచెను.

పాఠశాల తెచ్చిన మార్పు

బాలుడు కర్తయను భావము నవలలలో బలపడుటకు విద్యారంగమున వచ్చిన మార్పు ఒక ముఖ్యహేతువై యుండునని ఊహింపవచ్చును. షికాగో విశ్వవిద్యాలయపు ప్రయోగపాఠశాలలో శిశుతరగతులకు బోధించిన వివియన్ పేలీ, పిల్లలు చెప్పిన కథలను తాను వ్రాసికొని, అదే దినమున తోడిపిల్లలచే ఆ కథలను అభినయింపజేయు పద్ధతిని పెంపొందించెను. ఈ పద్ధతిలో కథ చెప్పిన శిశువు తన కథలోనికి తానే అడుగిడును. అందు నటించు స్నేహితుడు ఎదురుతిరిగినచో అతనితో రాజీపడవలసియుండును. 1983 లో న్యూ హాంప్‌షైర్ ఆచార్యుడు డొనాల్డ్ గ్రేవ్స్ వెలువరించిన గ్రంథము, పిల్లలు చిత్తుప్రతులు వ్రాసి, దిద్దుకొని, తరగతిలో ప్రచురించుకొను పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసెను. 1984 లో క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ రచించిన 'ది మిస్టరీస్ ఆఫ్ హారిస్ బర్డిక్' పదునాలుగు చిత్రములను, ఒక్కొక్కదానికి ఒక శీర్షికను, ఒక వాక్యమును మాత్రమే ఇచ్చి కథను పిల్లలకే విడిచినది. నోటుపుస్తకము చేతబూనిన కథానాయకుడు ఈ వాతావరణమున సహజముగనే జనించెను: 1992 లో మేరీ పోప్ ఆస్‌బోర్న్ ఆరంభించిన 'మ్యాజిక్ ట్రీ హౌస్' మాలలో జ్యాక్ పుస్తకములలోని దేశకాలములకు పోయి, ఆపదల నడుమ గూడ చూచినది వ్రాసికొనుచుండును.

ఇటీవలి రచనలు: తన కల్పనయే తన పరీక్ష

ఈ ఘట్టమునకు పీఠిక జర్మనీనుండి వచ్చెను. మిఖాయెల్ ఎండె 1979 లో రచించి, 1983 లో ఆంగ్లానువాదమున అమెరికా చేరిన 'ది నెవరెండింగ్ స్టోరీ' లో బాస్టియన్ తాను చదువుచున్న గ్రంథములోనికి ప్రవేశించి, అచ్చట కథలు కల్పించుచుండగా అవి నిజములగుచుండును. కాని ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క జ్ఞాపకము నశించును. అతడు ఆరంభించిన కథలన్నిటిని ముగించు భారమును మిత్రుడు అట్రేయూ వహించిన తరువాతనే అతనికి తిరుగుదారి లభించును. 1984 నాటి చలనచిత్రము గ్రంథపు తొలిభాగముతో ఆగిపోవుటచే, అమెరికా పిల్లలలో అనేకులకు విహారమే తెలిసినది, దాని మూల్యము తెలియలేదు.

క్రిస్ కోల్ఫర్ 2012 లో ఆరంభించిన 'ది లాండ్ ఆఫ్ స్టోరీస్' మాలలో కవలలైన అలెక్స్, కానర్ మొదట ప్రసిద్ధమైన పేదరాశి పెద్దమ్మ కథల లోకమున బాటసారులు. క్రమముగా కానర్ రచయితగా ఎదిగి, 2016 నాటి అయిదవ సంపుటమున తానే వ్రాసిన కథలలోనికి ప్రవేశించి, తన పాత్రలను తమ పక్షమున యుద్ధమునకు పిలుచుకొనును. జేమ్స్ రైలీ 2015 లో ఆరంభించిన 'స్టోరీ థీవ్స్' మాల ఇంకను సూక్ష్మమైన ప్రశ్న వేసినది: తాను కేవలము కల్పితుడనని, తన శోకములన్నియు ఎవరో రచయిత తన లాభము కొఱకు వ్రాసినవేయని తెలిసికొన్న పాత్ర ఆ రచయితను నిలదీసినచో సమాధానమేమి? క్యాథరిన్ వాలెంటీ 2017 లో రచించిన 'ది గ్లాస్ టౌన్ గేమ్' చరిత్రనే ఆధారము చేసికొనెను. 1826 లో తండ్రి తెచ్చియిచ్చిన కొయ్యసిపాయిలతో ఇంగ్లండునందలి బ్రాంటీ పిల్లలు నలువురు గ్లాస్ టౌన్ అను రాజ్యమును నిజముగనే కల్పించిరి. వాలెంటీ వారిని ఆ రాజ్యముననే దింపి, తమ ఆటబొమ్మలకు తమకు లొంగని ఇచ్ఛలున్నవని వారికి తెలియజేసెను.

2019 లో క్వామీ ఎంబాలియా రచించిన 'ట్రిస్టన్ స్ట్రాంగ్ పంచెస్ ఎ హోల్ ఇన్ ది స్కై' ఈ ధారకు కొత్తలోతు నిచ్చెను. షికాగో బాలుడు ట్రిస్టన్, మరణించిన మిత్రుడు కథలు వ్రాసికొన్న పుస్తకమును దక్కించుకొనబోయి, నల్లజాతివారి జానపదవీరులును ఆఫ్రికా దేవతలును నివసించు లోకమున పడును. ఆ లోకమును చీల్చిన తప్పు తనదే గావున దానిని అతుకవలసినవాడును తానే. కథలు చెప్పుటయే ఇచ్చట అతని శక్తి, అతని విధి.

వాదించు పక్షములు

మొదటిది ప్రత్యక్షవాదము. 1921 లో 'హియర్ అండ్ నౌ స్టోరీ బుక్' వెలువరించిన లూసీ స్ప్రేగ్ మిచెల్, చిన్నపిల్లల ఊహకు వారు కంటితో చూచి చేతితో తాకు ప్రపంచమే ఆహారము కావలెనని, రాజకుమారులును మంత్రగత్తెలును తరువాత రావచ్చునని బోధించెను. ఈ పక్షమున నిజమైన బలము కలదు: పిల్లల భాషను, పిల్లల చూపును శ్రద్ధతో విని కథ వ్రాయవలెనని తొలుత పట్టుబట్టినది వీరే.

రెండవది కల్పనాపక్షము. ఆన్ కారల్ మూర్ వంటి గ్రంథపాలకులు అద్భుతకథలకు అండగా నిలిచిరి. 1974 నాటి తన వ్యాసమున అర్సులా లె గ్విన్, అమెరికా ప్రజలు కల్పనను అనుమానించుటకు లాభదృష్టియు, పనికిరానిదంతయు పాపమను తలంపును కారణములని నిరూపింపజూచి, ఎదిగిన కల్పనయే ప్రౌఢత్వమని వాదించెను. 1976 లో బ్రూనో బెటెల్‌హైమ్ అద్భుతకథలు బాలుని అంతర్భయములకు రూపమిచ్చి శమింపజేయునని ప్రతిపాదించెను. ఆయన పద్ధతిని తరువాతి పండితులు తీవ్రముగా ఖండించినను ఆ భావము ప్రజలలో నిలిచిపోయెను.

మూడవది ప్రయోగపక్షము. ఒరెగాన్ విశ్వవిద్యాలయమున మార్జొరీ టేలర్ 1999 నాటి గ్రంథమున, ఊహామిత్రులు గల పిల్లలు సాధారణముగా ఆరోగ్యవంతులేయని, ఊహకును నిజమునకును భేదమును వారెఱుగుదురని చూపెను. మిషిగన్ రాష్ట్రమున మిషెల్ రూట్-బెర్న్‌స్టీన్, మెకార్థర్ పురస్కారమందిన ప్రతిభావంతులలో బాల్యమున కల్పితలోకములు నిర్మించుకొన్నవారు విద్యార్థిసామాన్యమునందుకంటె ఎక్కువగా కనబడుచున్నారని పరిశీలించెను. అయితే 2013 లో వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆంజెలీన్ లిలార్డ్ బృందము అప్పటివఱకు జరిగిన పరిశోధనలన్నిటిని తూచి, ఊహాక్రీడయే బుద్ధివికాసమునకు కారణమనుటకు ఆధారములు బలహీనములని తేల్చెను. ప్రతిభయు కల్పనయు ఒకేచోట కనబడుట వేఱు, ఒకటి రెండవదానిని పుట్టించుట వేఱు.

నాల్గవది ప్రాతినిధ్యపక్షము. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు రూడీన్ సిమ్స్ బిషప్ 1990 నాటి వ్యాసమున, గ్రంథములు పిల్లలకు అద్దములుగను, కిటికీలుగను, లోనికి నడచిపోదగిన గాజుతలుపులుగను ఉండవలెనని చెప్పెను. ఎబొనీ ఎలిజబెత్ థామస్ 2019 లో, అద్భుతలోకములు నల్లపిల్లలను తఱచుగా నీడలకో బలిస్థానములకో నెట్టుచున్నవని విశదీకరించెను. ఎంబాలియా నవల ఈ ఆవేదనకు సృజనాత్మకసమాధానము.

ఈ నాలుగింటికి తోడుగా 2008 లో ఫారా మెండెల్సన్ చేసిన రూపవిమర్శను గూడ గమనింపవలెను. ద్వారము దాటి అన్యలోకమునకు పోవు కథలలో నాయకుడు ఏమియు తెలియనివాడగుటచే, మార్గదర్శి చెప్పినదే వేదముగా గ్రహించుననియు, పాఠకుడును ప్రశ్నింపక అనుసరించుననియు ఆమె ఆక్షేపము. బాలకర్త కథలు ఈ ఆక్షేపమునకు లోనుగావు. అచ్చటికి పోయినవాడు ఆ లోకమును తానే వ్రాసినవాడు. అతనికి అంతయు తెలియుననుకొనును. ఆ తెలివి చాలకపోవుటయే కథకు ప్రాణము.

తులనాత్మక సంగ్రహము

ప్రత్యక్షవాదమునకు బాలుడు పరిశీలకుడు. దాని బలము భాషాశ్రద్ధ, దాని లోపము దుఃఖమునకును భయమునకును చోటు చాలకుండుట.

కల్పనాపక్షమునకు బాలుడు బాటసారి. దాని బలము అంతరంగపరిజ్ఞానము, దాని లోపము ప్రతి అద్భుతకథయు మేలుచేయునను అతివిశ్వాసము.

ప్రయోగపక్షమునకు బాలుడు పరీక్షావిషయము. దాని బలము నిగ్రహము, దాని లోపము ఒక మంచి పుస్తకమునకును ఒక చెడ్డ పుస్తకమునకును గల భేదమును తన కొలతలలో చూపలేకుండుట.

ప్రాతినిధ్యపక్షమునకు బాలుడు వారసుడు. దాని బలము న్యాయదృష్టి, దాని లోపము లోకము ఎవరిదని నిర్ణయించిన పిమ్మట అందు బాలుడు ఏమి చేయవలెనను ప్రశ్నను కొన్నిమారులు మఱచుట.

తెలుగువారి ముంగిట ఈ ప్రశ్న

చెప్పిన కథయే లోకమగుట తెలుగువారికి కొత్త కాదు. పదునాఱవ శతాబ్దియందు పింగళి సూరన రచించిన 'కళాపూర్ణోదయము' లో బ్రహ్మ సరస్వతికి వినోదముగా చెప్పిన కథ భూలోకమున మనుష్యులై, రాజ్యములై, ప్రేమలై జరుగును. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము బోధించిన వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్‌తో కలసి చేసిన దీని ఆంగ్లానువాదమును 2002 లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించుటచే, ఈ తెలుగుకల్పన అమెరికా గ్రంథాలయములలో గూడ నిలిచియున్నది. 1945 లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు స్థాపించిన 'బాల' పత్రిక పిల్లల రచనలకు ఆదరము చూపెను. 1947 జూలైలో ఆరంభమైన 'చందమామ' మూడు తరములకు అద్భుతలోకముల తలుపులు తెఱచెను.

అమెరికాలో తెలుగు మాటలాడువారు 2017 నాటికి 4 లక్షలకు మించిరి. వారి పిల్లలకు నేడు లభించు కథలను చూడుడు. 2018 లో రోషనీ చోక్షీ రచించిన 'అరూ షా' లో అట్లాంటా బాలిక పాండవుల కథాలోకమున అడుగిడును. అదే యేట సాయంతనీ దాస్‌గుప్తా రచించిన 'ది సర్పెంట్స్ సీక్రెట్' లో న్యూ జెర్సీ బాలిక కిరణ్‌మాల బెంగాలీ అమ్మమ్మల కథలలోని రాక్షసులతో పోరాడును. భారతీయమూలముగల బాలిక అమెరికా పట్టణమునుండి పూర్వుల కథలోనికి నడచిపోవు మార్గము ఇట్లు ఏర్పడియున్నది. సిలికానాంధ్ర 2007 లో ఆరంభించిన మనబడి తరగతులలో వేలకొలది పిల్లలు తెలుగు నేర్చుకొనుచున్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘమగు తానా, మంచిపుస్తకము సంస్థతో కలసి పిల్లల పుస్తకముల పోటీలు నడపి గ్రంథములు వెలువరించినది. కావున సాధనములు లేకపోలేదు.

ఈ పిల్లలను పూర్వకథల వారసులుగా మాత్రమే చూచినచో వారికి దక్కునది బాటసారి స్థానమే. భట్టివిక్రమార్కుల కథను కంఠస్థము చేయించుట మంచిదే. బేతాళుని ప్రశ్నకు కొత్త సమాధానము చెప్పుమని, ఆపై కొత్త ప్రశ్న వేయుమని అడిగినప్పుడు గాని ఆ బాలిక కర్త కాదు. ఆమె తెలుగు తడబడినను, ఆంగ్లపదములు దొర్లినను, ఆ కల్పన తెలుగుకల్పనయే యగును.

తేలని అంశములు

ఇంకను నాలుగు విషయములు నిర్ణయము కాకున్నవి. ఇట్టి నవలలు చదువుటచే పిల్లలు నిజముగా ఎక్కువగా, మేలుగా వ్రాయుదురా అనునది మొదటిది. ఉపాధ్యాయుల అనుభవము ఔననుచున్నది, ప్రయోగములు అంత నమ్మకముగా చెప్పలేకున్నవి. కథాలోకమునుండి మఱలివచ్చుట అవసరమా అనునది రెండవది. తాకట్టుపడిన పొలమునకు తిరిగిపొమ్మని డొరోతీకి చెప్పుట అంత సులభము కాదు. మూడవది అన్నిటికంటె కష్టమైనది: ఈ బాలకర్తలను సృష్టించినవారందఱును పెద్దలే. ఫాలెట్ వంటి పిల్లలు స్వయముగా వ్రాసినదానిలో నాయిక మఱలిరాలేదను సంగతిని మఱచి, మఱలివచ్చుటయే బాలస్వభావమని పెద్దలు తీర్మానించుట సమంజసమా? నాల్గవది, రెండు భాషల నడుమ పెరుగు పిల్లలకు ఏ భాషలోని కథాలోకము మొదటి ఇల్లు కాగలదను ప్రశ్న.

ఉపసంహారము

పలాయనమా, శిక్షణమా అను పాత వివాదము ఇంక విడువదగినది. ఒకే కథాలోకము ఒక బాలునకు దాగుకొను చోటు, మఱియొకనికి కార్యశాల. ఆ భేదము లోకమున లేదు, అందు బాలునకు అప్పగింపబడిన పనిలో ఉన్నది. హెరాల్డ్ తన మంచమును తానే గీచికొనవలసివచ్చెను. జెస్ వంతెన కట్టవలసివచ్చెను. బాస్టియన్ విడిచిన కథలకు ఎవరో ఒకరు పూనిక వహింపవలసివచ్చెను. ట్రిస్టన్ తాను చీల్చిన ఆకాశమును తానే అతుకవలసివచ్చెను. నిలిచిన గ్రంథములన్నిటను బాలుడు బాటసారిగా ఆరంభించి, కర్తయై, బాధ్యుడై ముగించుచున్నాడు. అద్భుతములు ఎన్నియున్నను ఈ మూడవ మెట్టునకు చేరని కథ, చదివిన మఱునాడే మఱపున పడుచున్నది.

కావున గ్రంథము నెన్నుకొను తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, గ్రంథపాలకులును అడుగవలసినది ఇది: ఈ కథలోని బాలుడు తాను కల్పించినవారికి ఏమి బాకీపడెను, దానిని ఎట్లు తీర్చెను? దీనికి సమాధానమీయగల పుస్తకము నిర్భయముగా పిల్లల చేతికీయదగినది; దానిని చదివి ముగించిన బాలునకు వెంటనే ఒక తెల్లకాగితముల పుస్తకమును గూడ ఈయవలెను, వ్రాసిన పిమ్మట అతడు చదివి వినిపించునప్పుడు పెద్దలు కూర్చుండి తుదివఱకు వినవలెను.